తప్పు పద్దు వారిది, తలవంపు మనదా?

(చాతం, అండమాన్ నికోబార్ దీవుల నుండి)



యూనియన్ కార్యాలయమునకు వచ్చు అర్జీల స్వభావము చిరకాలము ఒకే తీరున నుండెడిది. ఇంక్రిమెంటు ఆగినదని ఒకరు, క్వార్టరు కేటాయింపులో అన్యాయము జరిగినదని ఒకరు, బదిలీ టి.ఎ. బిల్లు మూలపడి యున్నదని వేరొకరు వచ్చెడివారు. ఈ కొలది సంవత్సరములుగా వీటి సరసన ఒక కొత్తరకపు అర్జీ చేరినది. సభ్యుడు వచ్చును, అందరును వెళ్ళువరకు బయట బల్లమీద కూర్చుండును, ఆ పిమ్మట తలుపు దగ్గరగా వేసి, "అన్నా, బ్యాంకువాళ్లు లోను ఇవ్వమన్నారు. సిబిల్ బాగాలేదంట. నేను ఎవరికీ బాకీ లేను" అని మెల్లగా చెప్పును.

ఆ మెల్లగా చెప్పుటయే నన్ను బాధించుచున్నది. ఇంక్రిమెంటు ఆగినవాడు గట్టిగా మాట్లాడును. ఏలయన తప్పు ఆఫీసుదని అతనికి తెలియును. ఈ సభ్యుడు మాత్రము తప్పు ఎవరిదో తెలియకముందే తలవంచుకొనుచున్నాడు. తప్పు పద్దు వ్రాసినవాడు ఎచ్చటనో సుఖముగా నుండగా, వ్రాయించుకొన్నవాడు దొంగవలె తలుపు వేసికొని మాట్లాడవలసిన దుస్థితి ఏల రావలెను? ఈ ప్రశ్నను మన సభ్యులందరి ముందు ఉంచుటకే ఈ వ్యాసము.

ఈ పద్దు పుస్తకము ఎవరిది?

పూర్వము షావుకారు చిట్టా, ఆవర్జా అతని పెట్టెలోనే యుండెడివి. నేడు దేశమందలి ప్రతి బ్యాంకు, ప్రతి ఫైనాన్సు కంపెనీ తన ఖాతాదారుల అప్పుల వివరములను రుణ సమాచార సంస్థలకు పంపవలసి యున్నది. మనవాళ్ళు అన్నింటిని కలిపి "సిబిల్" అని యందురు గాని, అట్టి సంస్థలు నాలుగు కలవు. 2000 సంవత్సరములో ఏర్పడి, నేడు ట్రాన్స్‌యూనియన్ సిబిల్‌గా పిలువబడునది మొదటిది. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ తక్కిన మూడు. వీటి నడవడికి 2005లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. అదియే రుణ సమాచార సంస్థల నియంత్రణ చట్టము. వీటిపై అజమాయిషీ రిజర్వు బ్యాంకుది.

ఒక్కొక్క మనిషి పేర ఆ నివేదికలో ఏమి యుండును? పేరు, పుట్టిన తేదీ, పాను సంఖ్య, చిరునామాలు, ఫోను నెంబర్లు ఉండును. తీసికొన్న ప్రతి అప్పు, దాని నిలువ, ఏ నెలలో వాయిదా ఎన్ని దినములు ఆలస్యమైనది అను వివరము ఉండును. ఆ అప్పు తీరినదా, రాజీపై ముగిసినదా, రానిబాకీగా కొట్టివేయబడినదా అను ముద్ర ఉండును. అప్పుకొరకు ఎవరెవరు విచారించిరో ఉండును. వీటన్నింటిని బట్టి 300 మొదలు 900 వరకు ఒక మార్కు వేయబడును. మార్కు తగ్గినచో అప్పు దొరకదు, దొరికినను వడ్డీ పెరుగును.

ఇప్పుడది అప్పుతోనే ఆగుటలేదు. బ్యాంకు ఉద్యోగ ప్రకటనలలో సైతము రుణ చరిత్ర శుభ్రముగా నుండవలెనను షరతు కనుపించుచున్నది. ఆ షరతును పాటించలేదని ఒక అభ్యర్థి నియామకమును రద్దు చేసిన ప్రభుత్వరంగ బ్యాంకు చర్యను 2025లో మద్రాసు హైకోర్టు సమర్థించినది. అనగా మన పిల్లల ఉద్యోగము వరకు ఈ పద్దు నీడ ప్రాకినది. ఇంత బలముగల కాగితములో తప్పు దొర్లినచో దాని ఫలితము ఎంత దూరము పోవునో ఆలోచింపుడు.

నాకు జరిగినది

ఇతరుల సంగతి చెప్పుటకు ముందు నా సంగతి చెప్పెదను. మా తండ్రిగారు శ్రీకాకుళం జిల్లా నుండి ఓడలో వచ్చి చాతం సా మిల్లులో పనికి కుదిరినవారు. 1883లో స్థాపించబడిన ఆ మిల్లు సైరను విని లేచి, ఆ సైరను విని అన్నము తిన్న పిల్లలము మేము. ఆయన జీవితమున ఒక్క బ్యాంకు గడప తొక్కలేదు. కిరాణా కొట్టులో ఖాతా, ఊరివారితో చీటీ, అంతే ఆయన రుణ చరిత్ర. నేను తపాలా శాఖలో చేరిన తరువాత ఇల్లు బాగుచేయించుటకు ఒక బ్యాంకులో అప్పు తీసికొంటిని. వాయిదా నా చేతిమీదుగా కట్టినది కాదు. ప్రతి నెల పే బిల్లులోనే కోసి, ఆఫీసు నేరుగా బ్యాంకునకు పంపెడిది. చివరి వాయిదా పోయినది, బ్యాంకు బాకీలేదను పత్రము ఇచ్చినది, నేను ఆ సంగతి మరచితిని.

2019లో మా అమ్మాయికి విశాఖపట్టణమున కళాశాల సీటు వచ్చినది. విద్యా రుణమునకు నేను సహ దరఖాస్తుదారుగా సంతకము చేసితిని. దరఖాస్తు తిరిగివచ్చినది. కారణము అడిగితే, నా పేర ఒక అప్పు ఇంకను తీరలేదని, అనేక నెలలు వాయిదాలు ఆలస్యమైనవని చెప్పిరి. నివేదిక తెప్పించి చూచితిని. ఆలస్యమని చూపిన ప్రతి నెలలోను నా పే స్లిప్పులో కోత కలదు! జీతము చేతికి రాకముందే కోయబడిన సొమ్ము ఆఫీసునుండి బ్యాంకునకు చేరుటలో, చేరినది ఖాతాలో జమ అగుటలో దినములు గడచినవి. ఆ దినములన్నియు నా ఎగవేతగా నమోదైనవి. పైగా పూర్తిగా తీరిన అప్పు, కొలది రూపాయల నిలువతో బ్రతికియే యున్నది.

అప్పుడు మొదలైనది తిరుగుడు. బ్రాంచివారు అది ముంబయి సంస్థ పని యనిరి. ముంబయి సంస్థ, బ్యాంకు ధ్రువపరచనిదే తాము అక్షరము మార్చజాలమని జవాబు పంపినది. నా ఆఫీసులో, సొమ్ము పంపిన తేదీల పాత రిజిస్టరు వెదకుటకే మూడు వారములు పట్టినది. నాటికి చెన్నై నుండి మా దీవులకు సముద్రగర్భ కేబులు రాలేదు. అది 2020 ఆగస్టులో వచ్చినది. ఒక కాగితము కంప్యూటరులో ఎక్కించుటకు ఒక పూట పట్టిన దినములవి. అంతయు సరియగు నాటికి నాలుగు మాసములు గడచినవి. కళాశాల ఫీజు గడువు అంతకాలము ఆగదు గదా! చీటీని నష్టమునకు పాడుకొని ఫీజు కట్టితిని.

ముప్పది సంవత్సరములు ఇతరుల గ్రీవెన్సులు వ్రాసిన వాడను, నా గ్రీవెన్సు ఎవరికి వ్రాయవలెనో తెలియక తిరిగితిని. రూల్సు చదువు అలవాటున్న నాకే ఇట్లయినచో, గ్రూప్ డి గా చేరిన సోదరుని గతి ఏమి? లైను మీద పగలనక రాత్రియనక పనిచేయు ట్రాక్‌మెన్ గతి ఏమి? పల్లెలో ఒంటరిగా బ్రాంచి పోస్టాఫీసు నడుపు గ్రామీణ డాక్ సేవకుని గతి ఏమి?

తప్పులు ఎచ్చట పుట్టుచున్నవి?

మా వద్దకు వచ్చిన కేసులను చూడగా, తప్పులు కొన్ని స్థిరమైన చోట్ల పుట్టుచున్నవని తెలిసినది.

మొదటిది, మన పేర్లు. తెలుగువారికి ఇంటిపేరు ముందు వచ్చును. సర్వీసు రిజిస్టరులో అది ఒక్క పొడి అక్షరము. పాను కార్డులో పూర్తిగా విప్పి వ్రాసి యుండును. ఆధారులో వేరొక స్పెల్లింగు, బ్యాంకులో ఇంటిపేరు చివరకు పోయి యుండును. అప్పారావులు, సూర్యనారాయణలు ఒక్కొక్క వీధికి నలుగురైదుగురు గల మన జిల్లాలలో, పేరును బట్టియు పుట్టిన తేదీని బట్టియు మనిషిని పోల్చు యంత్రము ఒకరి అప్పును మరొకరికి అంటగట్టుటలో వింత లేదు. ఒక్కొక్కప్పుడు ఒకే మనిషి ఇద్దరుగా చీలి, సక్రమముగా కట్టిన అప్పులు ఒక నివేదికలోను, మిగిలినవి ఇంకొక నివేదికలోను పడును. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దీవుల జనాభాలో సుమారు 13 శాతము తెలుగు మాతృభాషగా గలవారు. హిందీ, బెంగాలీ, తమిళము మాట్లాడు గుమాస్తాలు తమ తమ చెవికి వినబడినట్లు మా పేర్లు వ్రాసికొందురు. ఖరగ్‌పూరులోను, రాయపూరులోను, ముంబయిలోను పనిచేయు తెలుగు రైల్వే సోదరులకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

రెండవది, జీతపు కోత. దానిని పైన వివరించితిని. బదిలీ సమయమున ఇది మరింత ముదురును. చివరి వేతన పత్రములో వాయిదా కోత వ్రాయుట మరచినచో, కొత్త ఆఫీసు కోయదు, పాత ఆఫీసు పంపదు. ఉద్యోగి మాత్రము కోయుచున్నారనియే నమ్మి యుండును.

మూడవది, తీరిన అప్పు తీరినట్లు నమోదు కాకపోవుట. క్రెడిట్ కార్డు వదలివేసిన తరువాత కూడ వార్షిక రుసుము పేర చిన్న మొత్తము పెరుగుచుండుట ఇందులోనిదే.

నాలుగవది, జామీను సంతకము. రైల్వే కాలనీలలోను, ఆర్.ఎం.ఎస్. ఆఫీసులలోను ఒకరికొకరు జామీను ఉండుట మన సౌభ్రాతృత్వమునకు గుర్తు. కాని అట్లు సంతకము చేసిన అప్పు మన నివేదికలో కూడ కనుపించును, అతడు ఆలస్యము చేసినచో ఆ మచ్చ మనకును అంటును. ఇది తప్పు పద్దు కాదు, చట్టము ప్రకారము నిజమే. అయినను తెలియక పెట్టిన సంతకము తరువాత పిడుగువలె పడుచున్నది. కావున ఎవరికి జామీను ఉన్నామో ప్రతి ఒక్కరును వ్రాసి యుంచుకొనవలెను.

ఐదవది, మోసము. మన పాను నకలు దొరకపుచ్చుకొని మన పేర అప్పు తీయువారు కలరు. ఫోనులోనే అప్పులిచ్చు యాపులు వచ్చినప్పటి నుండి ఈ బెడద పెరిగినది.

ఈ తప్పులు మన దేశమునకే పరిమితములు కావు. 1970లోనే దీనిపై చట్టము చేసికొన్న అమెరికాలో సైతము, అచ్చటి ప్రభుత్వ వాణిజ్య కమిషను 2013లో వెలువరించిన పరిశీలనలో, సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరి నివేదికలో ఏదో యొకటి తప్పు బయటపడినది. అనగా యంత్రము తప్పుచేయదను మాట వట్టిది. యంత్రములో మనిషి ఎక్కించినదే యుండును.

ఇది యూనియన్ పనియేనా?

కొందరు మిత్రులు అభ్యంతరము చెప్పుచున్నారు. "అప్పు చేయుట వ్యక్తిగత విషయము, దానిలో యూనియన్ తలదూర్చుట ఏల?" అని ఒక వాదము. "కార్మికుని మార్కులు వేసి కొలుచు పద్ధతియే దుర్మార్గము. దానిని ఎదిరించవలెను గాని, దానిలో మంచి మార్కులు తెచ్చుకొనుటకు సాయపడుట ఏమి?" అని రెండవ వాదము. రెండింటికిని జవాబు చెప్పవలసి యున్నది.

అప్పు ఎన్నడును కార్మికోద్యమమునకు పరాయి విషయము కాదు. 1929లో నియమింపబడిన రాయల్ లేబర్ కమిషన్, చాలా పారిశ్రామిక కేంద్రములలో మూడింట రెండు వంతుల కార్మిక కుటుంబములు అప్పులలో మునిగియున్నవని, ఆ అప్పు మూడు నెలల జీతమును మించి యున్నదని తన నివేదికలో వ్రాసినది. జీతముల దినమున గేటు బయట కర్ర పట్టుకొని నిలిచెడి వడ్డీ వ్యాపారి పెద్దల జ్ఞాపకములలో నేటికిని కలడు. జీతములను అప్పులవాడు పూర్తిగా జప్తు చేయకుండ సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షనులో రక్షణ కలదు. మన పరపతి సహకార సంఘములు పుట్టినది కూడ ఆ వడ్డీ వ్యాపారి బారినుండి తప్పించుటకే. అప్పు వ్యక్తిగతమని మన పూర్వులు తలచియుండినచో ఇవేవియు ఉండెడివి కావు.

ఇక పద్దు సంగతి. మన సర్వీసు రిజిస్టరు కూడ ఒక పద్దు పుస్తకమే. అందులో ఒక్క వాక్యము ఎంత పని చేయునో 1974 మే సమ్మెలో పాల్గొన్న రైల్వే సోదరులకు తెలియును. "సర్వీసులో విరామము" అను మాట పడి సీనియారిటీ, పింఛను అన్నియు ప్రశ్నార్థకమైనవి. తొలగింపబడినవారిలో పలువురు 1977లో ప్రభుత్వము మారి మధు దండవతే రైల్వే మంత్రి యైన తరువాత గాని తిరిగి పనిలోనికి రాలేదు. సర్వీసు పుస్తకమును ఏటేట ఉద్యోగికి చూపి సంతకము తీసికొనవలెనని ఎస్.ఆర్. 202 చెప్పుచున్నది. రహస్య నివేదికలో ఏమి వ్రాసిరో తెలియక పదోన్నతి పోగొట్టుకొన్నవారెందరో కలరు. 2008లో దేవ్‌దత్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి వ్యాఖ్యను ఉద్యోగికి తెలుపవలెనని తీర్పు చెప్పినది. 2009లో ప్రభుత్వము వార్షిక నివేదిక పూర్తిగా చూపవలెనని ఉత్తరువు ఇచ్చినది. "నన్ను గురించి వ్రాసినది నేను చూడవలెను, తప్పైనచో దిద్దించవలెను" అను సూత్రము మనకు కొత్త కాదు. యజమాని పుస్తకమునకు వర్తించినది బ్యాంకు పుస్తకమునకు ఏల వర్తింపరాదు?

మనిషిని మార్కులతో కొలుచు పద్ధతిపై నాకును ప్రేమ లేదు. అయితే ఒక నిజము ఒప్పుకొనవలెను. పద్దు సరిగా నున్నచో, ఆస్తి లేని ఉద్యోగి కూడ పెద్దమనిషి సిఫారసు లేకుండ, జామీనుదారుల చుట్టు తిరుగకుండ, తక్కువ వడ్డీకి అప్పు పొందగలడు. కావున మన పోరాటము పద్దు ఉండరాదని కాదు, తప్పు పద్దు ఉండరాదని. పద్ధతి మారువరకు సభ్యుడు నష్టపోవుచుండగా చూచుచు కూర్చుండుట యూనియన్ ధర్మము కాదు.

చట్టము మనకు ఇచ్చినది

అడగనిదే అమ్మైనా పెట్టదని మనవారు అందురు. అడుగుటకు ఏమున్నదో ముందు తెలిసికొనవలెను.

1. 2017 జనవరి 1 నుండి ప్రతి రుణ సమాచార సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితముగా ఇవ్వవలెను. నాలుగు సంస్థలు గనుక నాలుగు నివేదికలు. ఒకే మాసమున అన్నియు తీయక, మూడు మాసముల కొక్కటి తీసినచో ఏడాది పొడవున కనిపెట్టి యుండవచ్చును. ఒక సంస్థలో లేని తప్పు మరొక దానిలో ఉండవచ్చును గాన ఒక్కటి చూచి తృప్తిపడరాదు.

2. అప్పు కొరకు దరఖాస్తు పెట్టినప్పుడు, బ్యాంకు తెప్పించుకొన్న నివేదిక నకలును అడిగి తీసికొను హక్కు 2005 చట్టము 21వ సెక్షను ఇచ్చుచున్నది. "సిబిల్ బాగాలేదు" అను నోటిమాటతో తిరిగిరాకుడు. కాగితము అడుగుడు.

3. తప్పు కనుపించినచో అదే సెక్షను క్రింద దిద్దుమని సంస్థను గాని బ్యాంకును గాని కోరవచ్చును. ముప్పది దినములలో చర్య తీసికొనవలెను. అయితే అప్పు ఇచ్చిన బ్యాంకు ధ్రువపరచిన పిమ్మటనే సంస్థ దిద్దగలదు. కావున అర్జీని ఒకే దినమున రెండు చోట్లకు పంపుడు, రెండింటి రసీదు సంఖ్యలు వ్రాసి యుంచుకొనుడు. నేను 2019లో చేసిన పొరపాటు ఒకరి జవాబు కొరకు ఆగి, తరువాత రెండవవారికి వ్రాయుటయే.

4. రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఇచ్చిన ఆదేశము 2024 ఏప్రిలు 26 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము, అర్జీ ఇచ్చిన ముప్పది దినములలో పరిష్కరించనిచో ఆపై ప్రతి దినమునకు 100 రూపాయల పరిహారము ఇవ్వవలెను. బ్యాంకు ఇరువది యొక్క దినములలో సరియైన సమాచారము పంపనిచో బ్యాంకు చెల్లించవలెను. బ్యాంకు పంపినను సంస్థ దిద్దనిచో సంస్థ చెల్లించవలెను. ఫిర్యాదు పరిష్కారమైన ఐదు పనిదినములలో ఆ సొమ్ము మన ఖాతాలో పడవలెను. నూరు రూపాయలు చిన్న మొత్తమే. కాని ఆలస్యమునకు వెల కట్టబడుట చిన్న విషయము కాదు.

5. అప్పటికిని న్యాయము జరుగనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనుకు ఫిర్యాదు చేయవచ్చును. 2022 సెప్టెంబరు నుండి రుణ సమాచార సంస్థలు కూడ ఆ పరిధిలోనికి వచ్చినవి. రుసుము లేదు, వకీలు అక్కరలేదు, కాగితముపై వ్రాసి తపాలాలో కూడ పంపవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషను తలుపు సరేసరి.

6. మన నివేదికను ఎవరైన చూచినప్పుడు, మన పేర ఆలస్యము నమోదు చేయునప్పుడు, ఫోనుకు గాని ఈమెయిలుకు గాని కబురు పంపవలెనని కూడ రిజర్వు బ్యాంకు ఆదేశములలో కలదు. బ్యాంకులో పాత ఫోను నెంబరు ఉన్నచో ఆ కబురు ఎవరికో పోవును. బదిలీ కాగానే నెంబరు, చిరునామా మార్పించుకొనుట మరువకుడు.

ఒక హెచ్చరిక. పరిహారము గాని దిద్దుబాటు గాని వాస్తవముల తప్పులకే, మార్కు ఎట్లు వేసిరను దానికి కాదు. కనుక "నా మార్కు తక్కువ" అని వ్రాయకుడు. "ఫలానా ఖాతా ఫలానా తేదీన తీరినది, తీరలేదని చూపుచున్నారు, ఇవి ఆధారములు" అని వ్రాయుడు. పే స్లిప్పులు, బాకీలేదను పత్రము, బ్యాంకు స్టేట్‌మెంటు జతపరచుడు. జీతపు కోత విషయమైనచో, కోసిన తేదీ, పంపిన తేదీలతో డి.డి.ఓ. ధ్రువపత్రము తప్పక తీసికొనుడు. మరియొక మాట. సొమ్ము ఇచ్చినచో సిబిల్ బాగుచేసెదమని ఫోను చేయువారిని నమ్మకుడు. తప్పును దిద్దించుటకు పైసా ఖర్చు లేదు, నిజమైన బాకీని ఎవరును చెరుపలేరు. ఓ.టి.పి. అడుగువాడు మన మిత్రుడు కాడు.

ఇంకను కావలసినది

చట్టమున్నది, ఆదేశమున్నది. అయినను చాతం నుండి చూచినప్పుడు కొన్ని లోటులు స్పష్టముగా కనుపించుచున్నవి. వాటిపై ఈ క్రింది కోరికలు మన మహాసభలలో తీర్మానములు కావలెనని నా అభిప్రాయము.

జీతమునుండి కోయబడిన వాయిదా, కోసిన దినముననే చెల్లినట్లు భావింపబడవలెను. ఆఫీసునుండి బ్యాంకునకు ప్రయాణములో జరుగు ఆలస్యమునకు ఉద్యోగిని ఎగవేతదారుగా నమోదు చేయుట అన్యాయములలోకెల్ల అన్యాయము. 2025 జనవరి 1 నుండి బ్యాంకులు కనీసము పక్షమున కొకసారి సమాచారము పంపవలెనను నియమము వచ్చినది. ఇది మంచిదే. దిద్దుబాటు కూడ త్వరగా ఎక్కును. కాని పద్దు వేగము పెరిగినకొద్ది, ఆఫీసు నాలుగు దినములు ఆలస్యము చేసినను అది మన పేర పడు ప్రమాదము పెరిగినది. కావున సొమ్ము పంపుటలో ఆలస్యమైనచో దాని బాధ్యత ఆఫీసుదేనని శాఖాపరమైన ఉత్తరువు రావలెను.

అర్జీ ఫారము, నివేదిక ప్రతి ఉద్యోగికి తన మాతృభాషలో లభింపవలెను. తన్ను గురించి వ్రాసినది తాను చదువలేని మనిషికి దిద్దించు హక్కు ఉన్నను లేనట్లే.

దేశమున లక్షా అరువది వేలకు పైగా పోస్టాఫీసులు కలవు. బ్యాంకు లేని ఊరున్నది, పోస్టాఫీసు లేని ప్రాంతము లేదు. ఉచిత నివేదిక తీసి ఇచ్చుట, దిద్దుబాటు అర్జీ స్వీకరించుట అను పనులు పోస్టాఫీసు కౌంటరులో జరుగు ఏర్పాటు కావలెను. తగిన సిబ్బందిని ఇచ్చి ఈ పని అప్పగించినచో ప్రజలకు మేలు, శాఖకు గౌరవము.

పరిహారము అడిగిన పిమ్మట ఇచ్చునది గాక, గడువు దాటగానే దానంతట అది జమ యగునట్లు ఉండవలెను. హక్కు తెలిసినవానికే పరిహారము, తెలియనివానికి లేదు అనుట న్యాయము కాదు.

మనవంతు పని

ప్రభుత్వమును, రిజర్వు బ్యాంకును అడుగుచునే మన చేతిలోని పని మనము చేయవలెను. ప్రతి శాఖలో ఇద్దరు యువ సభ్యులు ఈ విషయము నేర్చుకొని, నెలకు ఒక సాయంకాలము యూనియన్ కార్యాలయమున కూర్చుండి, వచ్చిన వారికి నివేదిక తీసి, చదివి చెప్పి, అర్జీ వ్రాసి పెట్టవలెను. సభ్యుని పాను, ఓ.టి.పి. అతని చేతిలోనే యుండవలెను, అతని అప్పుల గుట్టు అతనిదే. సర్వీసు పుస్తకము సరిచూచుకొను మాసముననే రుణ నివేదిక కూడ సరిచూచుకొను అలవాటు చేసినచో రెండును మరపునకు రావు. రిటైరు కాబోవు వారికి ఇది మరింత ముఖ్యము. జీతమునుండి కోత ఆగి పింఛను మొదలగు సంధికాలమున వాయిదాలు జారిపోవుట సులభము.

ఒక పాఠము సభ్యులకు కూడ చెప్పవలసి యున్నది. నిజముగా కట్టని వాయిదాకు యూనియన్ సాక్ష్యము చెప్పదు. అవసరమునకు మించిన అప్పు, వేడుకలకు కార్డు, తెలియనివానికి జామీను, వీటినుండి దూరముగా నుండుట మన బాధ్యత. మన పద్దు శుభ్రముగా నున్నప్పుడే పరుల తప్పును గట్టిగా ప్రశ్నింపగలము.

చాతం జెట్టీ వద్ద బాంబూఫ్లాట్ ఫెర్రీ ఎక్కు దినకూలీ, ఓడలో విశాఖకు చదువుకు పోవు పిల్లవాడు, ఉత్తరముల సంచితో దీవి నుండి దీవికి తిరుగు మా తపాలా సోదరుడు, వీరికి సముద్రము ఆవలి ఆఫీసులు చాల దూరము. మెయిన్‌ల్యాండు రైల్వే కాలనీలో నున్న మీకు కూడ ఆ ఆఫీసులు దగ్గర కావని ఎరుగుదును. ఆ దూరమును ఒంటరి మనిషి దాటలేడు, సంఘము దాటగలదు.

కావున ఈసారి మీ వద్దకు ఒక సభ్యుడు వచ్చి తలుపు దగ్గరగా వేసి మెల్లగా మాట్లాడినచో, మొదట ఆ తలుపు తెరువుడు. ఆ తరువాత కాగితము, కలము తీసి అర్జీ వ్రాయుట మొదలిడుడు.